ముందరి సగం

వేలంపాటల ఐదువేలకు కొన్న.
ఏదో క్లబ్బుల గడ్డి కోసి కోసి అలసిన చిన్న ట్రాక్టర్,
నాకంటె మూడేండ్లు పెద్దది.
వెనక సగం గున్నేనుగు లెక్క నిలవడ్డది,
ముందర ఏం లేదు.
ఇరుసు విరిగి, చక్రాలు ఎవరో ఎత్తుకపోయి,
మూతి నేలకు ఆనించి
ఎవరికో మొక్కుతున్నట్టున్నది.

డీసీఎంల నుంచి దించుతుంటె
మౌలాలి గల్లీ గల్లీ నవ్వింది.
"దేవసహాయం సాబ్, పింఛన్ పైసలు ఇనుముకు తినిపిస్తున్నవా?"
ఇనుమే కద నాకు ముప్పై రెండేండ్లు తినిపించింది,
లాలాగూడ వర్క్‌షాపుల,
అన్న. గట్టిగ అనలే.

రాణిగంజ్ పొయ్యి అడిగిన.
పేరు చెప్పమన్నడు సేటు.
బానెట్ మీద అక్షరాలన్ని రాలిపోయినయ్,
చివర ఒక్క ఆర్ మిగిలింది.
ఆర్ అంటె ఏందో చెప్పలేక
చాయ్ తాగి వాపస్ వచ్చిన.

ఇగ సొంతంగనే.
మూడించుల చానెల్, బాలానగర్ తుక్కుల కిలో లెక్క.
చక్రాలు ఆటోవి. హబ్బులు ఆటోవి.
ఎన్ని పెండ్లిండ్లకు, ఎన్ని కాన్పులకు ఉరికినయో.
నడిమిట్ల ఒక పిన్ను. దాని మీద ఇరుసు ఊగాలె,
ఒక చక్రం గుంతల పడ్డా
మనిషి పడొద్దు.
ఆ పిన్ను లేత్ మీద నేనే తిప్పిన.
మైక్రోమీటర్ పట్టుకుంటె చెయ్యి వణకలే.
చాయ్ గ్లాసు పట్టుకుంటె వణుకుతది.

మొకం కోసం
మా అత్తమ్మ బీరువ తలుపు కోసిన.
రూతుకు చెప్పే కోసిన. సగం చెప్పిన.
ఆకుపచ్చ రేకు మీద ఒక క్రిస్మస్ చుక్క,
ఎంత గీకినా పోలే, ఉండనిచ్చిన.
జాలీ పాత కూలర్‌ది,
వట్టివేళ్ళ వాసన ఇంక పోలే.
కండ్లు రెండు: ఒకటి చేతక్‌ది, ఒకటి లూనాది.
ఒకటి తొవ్వను చూస్తె
ఒకటి పక్కింటిని చూస్తది.

వెల్డింగు గౌసుద్దీన్ చేసిండు.
రోజాల నెల. నోట్ల నీళ్ళు లేవు, చేతుల నిప్పులు.
పొద్దు గుంకినంక ఒక ఖర్జూరం తాను తిని ఒకటి నాకిచ్చి
"అతుకు చూడు సాబ్, చీమల బారు" అన్నడు.
నిజంగనే చీమల బారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి
ఇస్త్రీ అంగీతోనే తాడు గుంజిన.
పన్నెండోసారికి దగ్గింది, ఉమ్మింది, లేచింది.
స్టీరింగ్ కుడికి తిప్పిన.
ఎడమకు పోయింది.
ఎడమకు తిప్పిన.
కుడికి పొయ్యి దమయంతి వాళ్ళ గోడను ముద్దు పెట్టుకుంది.
పిల్లలు కింద పడి నవ్విన్రు.
గౌస్ చెంపలేసుకున్నడు, తప్పు వానిది కాకున్నా.
వెనక ఉండాల్సిన కడ్డీ చెయ్యి
ఇరుసుకు ముందర పెట్టిచ్చిన.
జానెడు తేడా.
ఫిట్టర్‌ని. ఎవనికి చెప్పుకోను?

రాత్రి నిద్ర పట్టలే.
దిగి పొయ్యి, ఆ తిర్లమర్ల బండిని
ఖాళీ గల్లీల ఇంకోసారి నడిపిన.
కుడి కావాలంటె ఎడమ, ఎడమ కావాలంటె కుడి.
పది నిమిషాలల్ల చేతికి అలవాటయింది.
అలవాటయినంక
భయమయింది.
పొద్దుగాల గ్రైండర్ పెట్టి కోసేసిన.

మా పక్క ప్లాటు మీద పంతొమ్మిదేండ్ల కేసు.
"ఈ స్థలము వివాదములో ఉన్నది" అన్న బోర్డు
సగం తుప్పు తిని, ఇప్పుడు "ఈ స్థలము" అంటది, అంతే.
అందుల కావలి బాలమణి పాలకూర ఏస్తది,
గడ్డపారతోని, నడుము పట్టుకొని.
నిన్న రెండు కర్రులు కట్టి దింపిన.
కంకర, పాల కవర్లు, ఒంటి చెప్పు,
ఎవరో పాతిన హద్దురాయి ముక్క,
అన్ని పైకొచ్చినయ్.
ఒక చక్రం గుంతల, ఒకటి గట్టు మీద,
ఇరుసు ఊగింది.
నేను సీటు మీద సక్కగ కూసున్న.

బాలమణి సాలు పొడుగూత నడిచి చూసి
"జెర వంకర పోయింది సార్" అన్నది.

పోయింది.
లూనా కన్ను దిక్కు.