మూడో నకలు

మొదటి డిస్కు వరదలో పోయింది.
బీరువా అడుగు అరలో, పట్టుచీరల కింద,
పాస్‌బుక్కుల పక్కన భద్రమని పెట్టాను.
అమలాపురంలో రిపేరు కుర్రాడు స్క్రూలు విప్పి
ముందు వాసన చూశాడు. తర్వాత నాకు చూపించాడు:
అద్దంలాంటి పళ్ళెం మీద గోటి మందాన ఒండ్రు.
"గోదారి రాసేసిందండీ దీని మీద" అన్నాడు.
తొమ్మిదేళ్ళ మీద.

మిగిలినవి, ఎవరెవరికో ఎప్పుడో పంపినవి.
ఆడపడుచు కనకవల్లి ఫోన్లో పన్నెండు,
స్కూలు గ్రూపులో జెండా పండగలు.
ఒకటి మాత్రం
రేవులో పంటి నడిపే మావుళ్ళు దగ్గర:
మా అమ్మ, ఒళ్ళో గంప, గంపలో కోడిపెట్ట,
పంటి అంచున కూచుని పగలబడి నవ్వుతోంది.
ఎప్పుడు తీశావంటే
"పెట్ట పంటి మీదే గుడ్డెట్టేసిందండి ఆ రోజు, ఆయ్" అన్నాడు.
నా తొమ్మిదేళ్ళలో లేని నవ్వు అది.
నేను తీసినవన్నీ
"అమ్మా, ఇటు చూడు" అన్నాక తీసినవి.

అందుకే ఈ ఏడు పద్ధతిగా మొదలెట్టాను.
ఒకటి లాప్‌టాప్‌లో. ఒకటి అటక మీద కొత్త డిస్కులో.
మూడోది ఈ ఇంట్లో ఉండకూడదు,
అసలీ లంకలోనే ఉండకూడదు.
ఇదేం కంప్యూటర్ తెలివి కాదు.
మా నాయనమ్మ విత్తనాలు ఇలాగే దాచేది,
సగం మా గాదెలో, సగం ఏటవతల మేనత్త గాదెలో.
ఏ ఏడు ఏ గాదె మునుగుతుందో
ఏటికి తప్ప ఎవరికి తెలుసని.

రాత్రి తొమ్మిదికి కాపీ పెట్టాను.
ఆకుపచ్చ గీత నత్తలా కదిలింది.
నాలుగు గంటలంది, కాసేపటికి పదకొండంది, మళ్ళీ రెండంది,
అచ్చం మా రేవులో పంటి టైముల్లాగే.
కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ మొదటికి.
ఊరికే కూచోలేక ఏరడానికి దిగాను,
ఫోన్లో మిగిలినవీ, తర్వాత తీసినవీ.
ఒకే మబ్బు పదిహేడు సార్లు.
గ్యాసు బండ నంబరు. నా బొటనవేలు.
చీకట్లో తీసిన చీకటి.
మా వాడి చెప్పులేసుకుని నిలబడ్డ
ఎవరి పిల్లో తెలియని పిల్ల.
బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరేద్దామని కూచున్నదాన్ని,
గంట గడిచేసరికి
ఏది రాయో ఏది గింజో తెలియడం మానేసింది.
మబ్బులు పదిహేడూ ఉండనిచ్చాను.
ఒకదాని మూలన, తీగ మీద,
అమ్మ చీర అంచు ఎగురుతోంది.

తెల్లారి డిస్కుని రెండు కవర్లలో చుట్టి,
ఎంత కడిగినా మెంతి వాసన పోని ఆవకాయ డబ్బాలో పెట్టి,
చుట్టూ బియ్యం పోసి, మూత బిగించి
రేవుకి పట్టికెళ్ళాను.
మావుళ్ళు ఇల్లు అవతల, గట్టు మీద.
అరుగుకి ఎనిమిది మెట్లు.
వరద ఆరో మెట్టు దాకా వచ్చి, ఆలోచించి, వెనక్కెళ్ళింది.
డబ్బా అందుకుని చెవి దగ్గర ఊపి చూశాడు.
"ఎన్నున్నాయండి ఇందులో?"
"ఇరవై రెండు వేల చిల్లర."
"అమ్మగారూ, పెట్టా..."
"అదీ ఉంది. నువ్విచ్చిందేగా."
కాసేపు ఏటికేసి చూశాడు.
"నీళ్ళలో పడితే తేలుద్దాండి?"

మూడు నకళ్ళంటుంది పద్ధతి. రెండు చోట్లంటుంది.
ఏడాదికోసారి తెరిచి చూసుకోమంటుంది.
తేలుద్దా అన్నది ఎక్కడా లేదు.

"తేలదు" అన్నాను.
"మరెలాగండి?" అంటూ లోపలికెళ్ళి
రెండు ఎండు కొబ్బరికాయలు తెచ్చాడు, పీచు ఒలవనివి,
ఈత నేర్చే పిల్లలకి నడుముకి కడతారే, అవి.
డబ్బాని మధ్యన పెట్టి
నైలాన్ తాడు మూడు చుట్లు చుట్టి పడవ ముడి వేశాడు.
దూలానికి, వలల పక్కన వేలాడదీశాడు.

వచ్చేస్తూ ముడిని ఒకసారి లాగి చూశాను.
నన్ను కాలవలోకి దింపే ముందు
అమ్మ అలాగే లాగి చూసేది.
తర్వాత తోసేసేది.