మిసిలు అంచున

హన్మకొండ అదాలతుల రికార్డు గది.
పైన రేకులు, కింద పావురాల రెట్ట.
ఎర్రబట్ట మూటలు విప్పి
ఒక్కో మిసిలూ దుమ్ము దులిపి
స్కానింగు పిల్లగాడికి అందించుడు
ఈ ఎండకాలం నా నౌకరీ.

ఇరవై రెండో మూటల దొరికిండు
బ్రిజ్‌కిశోర్ అస్థానా, మున్సిఫ్.
ఎక్కడి బదాయూఁ, ఎక్కడి ఓరుగల్లు!
కాజీపేట టేషన్ల దిగిననాడు
ఒక ట్రంకు పెట్టె, ఒక హుక్కా,
తెలుగు ఒక్క ముక్క లేదు.
జనం నోట్లె నలిగి నలిగి ఆయన పేరు
బిరుజు సాబు అయ్యింది.
మా తాత ఆయన కాడ జవాను.
ఇవన్నీ తాత చెప్పినవే,
కొన్ని తాత అల్లినవి కూడా కావొచ్చు.

తీర్పు ఉర్దూల ఉన్నది.
వానకు ముందు చీమలు ఇల్లు మారినట్టు
కుడి నుంచి ఎడమకు గొలుసు రాత.
నాకు సగమే చదువొస్తది.

ముద్దయీ: పరకాల దిక్కు గజ్జె నర్సవ్వ.
ముద్దాలే: పేరు రాయను, మనుమలు ఇంకా ఉన్నరు.
ఏడాది పొడుగు వెట్టి. కూలికి గింజ లేదు.
బోనుల నిలబడి ఆమె అన్నది ఇంతే:
"దొర నా కడుపు మాడ్చిండు సాబూ."
తర్జుమా చేసేటాయన దగ్గు ఆపుకొని
మాటకు మాట పెట్టిండు:
దొర ఈమె పొట్ట కాల్చిండు.

బిరుజు సాబు న్యాయం తెలిసిన మనిషి,
అదే చిక్కు.
అప్పటికప్పుడు డాక్టరుకు చిట్టీ పంపిండు.
డాక్టరు చూసి రాసిండు:
పొట్ట మీద కాలిన మచ్చ లేదు.
అబద్ధపు సాక్ష్యం. దావా ఖారిజ్.
కింద సంతకం, దాని కింద
సర్కారు మొహరు, ఖాళీ పళ్లెమంత గుండ్రం.

ఆరేండ్లు పోయినయి.
మండిబజార్ల ఒక దుకాణం మెట్టు మీద
అలిగిన కొడుకును బతిమాలుతున్నది ఒక తల్లి:
"నా మీది కోపానికి కడుపెందుకు మాడ్చుకుంటవ్ బిడ్డా,
రెండు బుక్కలు తిను."
సాబు ఆడనే నిలబడ్డడట.
వాన పడుతుంటే గొడుగు మూసిండట.
"మాడ్చుకునుడంటే ఏంది?" అని తాతను అడిగిండు.
తాత చెప్పిండు.

రెండొద్దులు కచేరీకి రాలే.
మూడోనాడు జట్కా కట్టించుకొని పరకాల దిక్కు పోయిండు.
నర్సవ్వ ఇల్లు లేదు.
మోకాలెత్తు గోడ ఉన్నది, గోడ మీద గుమ్మడి తీగ.
ఎటు పోయిందని అడిగితే
వాకిళ్లు ఒకటెనక ఒకటి మూసుకున్నయి.
ఒక ముసలాయన మాత్రం
"మీరేనా ఆ సాబు?" అన్నడు.
దానికి సాబు ఏం చెప్పిండో
తాత ఎన్నడూ చెప్పలే.

నౌకరీ ఇడిసిండు. రాజ్యం మారింది.
మొదటి ఎలచ్చన్ల నిచ్చెన గుర్తు మీద నిలబడ్డడు.
గెలిచిండంటే తాతకే నమ్మకం కలగలే.
హైద్రాబాదు సభల ఆయన తెచ్చింది ఒక్కటే బిల్లు:
సాక్షి ఏ బాసల చెప్తే ఆ బాసలనే రాయాలె,
తర్జుమా దాని పక్కన కూసోవాలె.
తెలుగుల మాట్లాడిండు. వత్తులన్నీ జారినయి.
కడుపు అనబోయి కడప అన్నడు.
సభ నవ్వింది.
బిల్లు పడిపోయింది.
ఎన్ని ఓట్లతోనో తాతకు యాదిలేదు,
నవ్వు మాత్రం యాదికుండె.

ఇగో, మిసిలు చివరి పుట.
తీర్పుకు బయట, అంచున, పెన్సిలుతోని
బలపం పట్టిన పోరని లెక్క పెద్ద పెద్ద అక్షరాలు,
ఒక్కో తలకట్టు ఒక్కో దిక్కుకు:
"కడుపు మాడ్చుట అంటే అన్నం పెట్టకపోవుట.
నాకు తెల్వకపోయె."
తారీఖు లేదు. మొహరు లేదు.

పిల్లగాడు గాజు మీద కాయితం పరిచి
"అంచులు మిషనే కోస్తది సార్, ఇది రాదు" అన్నడు.
జరుపు అన్న.
జరిపిండు. ఇంకా జరుపు అన్న.
"తీర్పుల నాలుగు లైన్లు పోతయి సార్."
పోనీ.