నీళ్ల నడిమిట్ల

పొద్దుగాల ఫస్టు బోటుల రాయి మీదికి పోయేది మేం నలుగురం.
నేను, నా చీపురు, ఫోటోల మొయిన్‌భాయి,
కుండీలకు నీళ్లువోసే బుచ్చెంకటమ్మ.
చీపురును గూడ మనిషి లెక్కల వట్టిన, ఏమనుకోకుండ్రి.

బోటు నడిపే నూకరాజుది గోదారి లంక.
మాటమాటకు 'అండి' తగిలిస్తడు,
లంగరు తాడుతోని మాట్లాడినా అంతే.
వాళ్ల ఊళ్లె పెండ్లికైనా పీనుగకైనా
వానకాలం బడికైనా పడవేనట.
మంత్రసాని ఏరు దాటేలోపల
ఆగలేక తనే పుట్టేసిండట.
ఏటేటా గట్టు ఇరిగి ఇరిగి
ఒకనాటి రాత్రి వాళ్ల కొబ్బరిచెట్లు తొమ్మిది
నిలవడ్డవి నిలవడ్డట్టే నీళ్లల్లకు నడిచినయట.
"మీ రాయి నయమండి సైదమ్మగారూ, కరగదు" అంటడు.

జనం వస్తరు.
బుద్ధుని పాదాల కాడ సెల్ఫీ, ఐస్‌క్రీం కప్పు,
మల్ల విజిలు, మల్ల బోటు.
ఓ పిల్లగాడు అడిగిండు ఒకపారి,
"ఈడ మీ ఇల్లేది?"
ఏం జెప్పాలె?
చెప్పులిడిసే జాగ చూపెట్టిన.

మేం తినేది బుద్ధుని ఈపు దిక్కు, నీడల.
మొయిన్‌భాయిది ఖట్టీ దాల్, నాది జొన్నరొట్టె,
బుచ్చెంకటమ్మ డబ్బాల కూరకంటె ముచ్చట్లెక్కువ.
ఉప్పు మరిసిననాడు ఉప్పులేదు, అంతే.
ఒడ్డు కండ్ల ముంగటనే ఉంటది,
గని బోటు నిండంది కదలదు.

మొన్న ఆషాఢంల గాలివాన.
ఆఖరి బోటు రాలే.
బస్తీల నా బిడ్డ ఒక్కతే. ఫోను తడిసి సచ్చింది.
సముద్రం నేను జూడలే,
గని ఆ రాత్రి తెలిసింది:
చుట్టూ పట్నం పొంగుతున్నది,
బస్సుల మోత వచ్చి వచ్చి రాయికి తాకుతున్నది.
ఇన్ని లక్షల దీపాలల్ల
మాకోసం ఎలిగేది ఒక్కటి లేదా అనుకున్న.

ట్యాంక్‌బండ్ దిక్కు ఒక టార్చి. ఆగింది. మల్ల ఎలిగింది.
"నూకరాజే!" అన్నడు మొయిన్‌భాయి.
వరదలప్పుడు లంకల గట్ల జేస్తరట:
రెండుపార్లు ఊపితే, బాగున్నరా అని.
ఒక్కపారి ఊపితే, బాగున్నం అని.
మొయిన్‌భాయి కెమెరా ఎత్తి
చీకటిని ఒక్క ఫోటో కొట్టిండు.
ఫ్లాష్‌ల వాన చుక్కలన్ని
గాలిల ఆగినట్టు కనవడ్డయ్.

పొద్దున బోటుల నూకరాజు ఒక్కడే వచ్చిండు.
"పాప మా ఇంట్లోనే పడుకుందండి,
అట్టు తినమంటే రొట్టె కావాలంది."
ఇంకేం అనలే. నా చేతుల పొట్లం వెట్టిండు.
ఇప్పి చూస్తే ఉప్పు.

దాన్ని రాతి సందుల దాసినం, తడవకుండ.
ఇప్పుడెవలన్న అడిగితె జెప్తున్న:
మా ఊళ్లె దుకాణం గూడ ఉన్నది.