పదహారో నంబరు గది

బోర్డు రాసిన పెయింటరు
'కౌన్సెలింగ్' అని పెద్దక్షరాలు మొదలెట్టి
తక్కిన మాటలకు జాగా చాలక వదిలేశాడు.
అందుకని ఏటా సీట్ల రోజుల్లో
నరసరావుపేట నించో చిలకలూరిపేట నించో
ఓ తండ్రి చెమటలు కక్కుకుంటూ వస్తాడు.
ప్లాస్టిక్ ఫైలు, ర్యాంకు కార్డు, కులం కాగితం,
అన్నీ మూడేసి జిరాక్సులు.
"రెండో విడత సీట్లిచ్చేది ఇక్కడేనా బాబూ?"
ఇక్కడ కాదండీ, ఆ మేడ వెనకాల, అని చెయ్యి చూపిస్తాను.
ఆయన మెట్లు దిగాక అనుకుంటాను:
ఇక్కడా ఇస్తాం సీటు.
ఒక్కటే. ఓ కోడు కుంటిది, కింద అట్టముక్క పెట్టాం.
ర్యాంకు అడగం.

నా పేరు కోటిలింగం. అటెండర్ని.
ఒకప్పుడిది ప్రశ్నపత్రాలు దాచిన గది.
గోనెపట్టాల వాసన, లక్కసీళ్ళ వాసన
ఎన్ని అగరొత్తులు కాల్చినా పోలేదు.
మంగళ, శుక్రవారాలు తెనాలి బస్సు దిగి
షహనాజ్ మేడమ్ వస్తారు.
చేరిన రోజే రిజిస్టరు తిరగేసి
'వచ్చిన పని' అన్న గడి మీద
స్కేలు పెట్టి నాతోనే గీత కొట్టించారు.
అప్పటికే అందులో ఒక పిల్ల రాసింది: నిద్ర.
ఒకడు: ఊరికే.
ఒకరెవరో ఏమీ రాయక
పెన్నుతో పొడిచీ పొడిచీ కాగితానికి చిల్లు పెట్టారు.

పేర్లంటారా, అవి నమ్మకండి.
ఒకే చేతిరాత ఓ వారం కిరణ్, ఓ వారం సురేష్,
ఆ పై వారం బ్రూనో.
బ్రూనో హాస్టలు వెనక కుక్క.
రోజూ నేనే అన్నం పెడతాను.

మాఘం నించి ఎండలు ముదిరేదాకా
మిర్చి యార్డు గాలి ఇటు తిరిగిందంటే
ఊరు ఊరంతా దగ్గుతుంది.
గుంటూర్లో అదొక సుఖం.
కన్నీళ్ళకు సాకు వెతుక్కోనక్కర్లేదు.
తలుపు తీసుకుని బయటికొచ్చి
చున్నీ కొసతో ముక్కు తుడుచుకుంటూ
"ఘాటన్నా" అంటారు.
"అవునమ్మా, ఈ ఏడు సరుకు బాగా దిగింది" అంటాను.
ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది.

ఆ బాపట్ల పిల్లాడు మాత్రం శ్రావణంలో వచ్చాడు.
మూడు మంగళవారాలు బెంచీ మీదే.
లోపలికి రాడు, లేచి పోడు.
చెప్పు అంగుష్టం తెగితే పిన్నీసుతో కుట్టుకుంటూ
తలెత్తకుండా అడిగాడు:
"ఇక్కడ రాసింది మార్కుల కాగితం మీదకెక్కుద్దా?"
ఎక్కదు.
"ఇంటికి ఫోన్ చేస్తారా?"
నువ్వు చెయ్యమంటేనే.
"మరి ఎవరికి చెప్తారు?"
ఎవరికీ చెప్పకపోవడానికే అయ్యా
ఆవిడకి జీతం, అన్నాను.
తెనాలి నించి అంత దూరం వచ్చేది అందుకే.

నాకేం తెలుసు నిజానికి.
మా ఇంట్లో అయితే దిష్టి తీసేవాళ్ళం,
నిమ్మకాయ కోసేవాళ్ళం.
అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే
పొగరనేవాళ్ళం.
మా తమ్ముణ్ణి పొగరనే అన్నాం.

నాలుగో మంగళవారం వాన.
వాడు లేచాడు. పిన్నీసు చెప్పు గుమ్మం బయట విడిచాడు,
గుళ్ళోకి పోయినట్టు.
ఫర్లేదు వేసుకోమన్నా వినలేదు.
గడియారం చూడకూడదనుకుంటూనే చూశాను,
నలభై ఏడు నిమిషాలు.
లోపల ఫ్యాను చప్పుడు తప్ప మాట వినబడదు.
వినబడకూడదనే ఆ ఫ్యానుకి నూనె వెయ్యనివ్వరు మేడమ్.

వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.
యార్డు చల్లబడింది,
గాల్లో తడిమట్టి తప్ప ఇంకేం లేదు.
వాడు చుట్టూ చూశాడు, సాకు కోసం కాబోలు.
దొరకలేదు.
"ఏడ్చానన్నా" అన్నాడు.
బస్సు తప్పిపోయిందన్నా, అన్నంత మామూలుగా.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో
అలా ఎవరూ నాతో అనలేదు.
సరుకు సంగతి మాట్లాడే రోజు కాదది.
ఏమనాలో తోచక
గొడుగుందా, అని అడిగాను.