గాలి మీద నేరం

తొంభై ఆరు.
ఎల్ ఆల్తోలో, ఇంత ఎత్తున,
నీళ్ళు ఎనభై ఏడు డిగ్రీలకే మరిగిపోతాయి.
అంటే ఈ పెట్టెలో ప్రాసెసర్
టీ కెటిల్‌ని దాటి
ఇంకో తొమ్మిది మెట్లు పైకెక్కి కూర్చుంది.

సతుర్నినా బల్ల మీద మోచేతులు ఆన్చి
"కొన్ననాటి నించీ ఇంతే, వెన్సో.
లామా బొమ్మ మెడ దాకా వచ్చేసరికి
రొప్పుతుంది, మూలుగుతుంది, ఆరిపోతుంది.
తలల్లేని లామాలు నాలుగేళ్ళవి దాచాను" అంది.
ఆమెది స్వెట్టర్లు అల్లే కొట్టు.
జూన్ చలి. రాత్రి బకెట్లో మరిచిన నీళ్ళని
పొద్దున సుత్తితో కొట్టుకోవాలి.
పెట్టె లోపల మాత్రం ఈ జ్వరం.

మొదట ఉన్నిని అనుమానించాను.
పక్క రేకు విప్పితే
హీట్ సింక్ పళ్ళ సందుల్లో అల్పాకా నూగు,
బూడిద రంగు, మధ్యలో ఒక గులాబీ చార.
ఆ గులాబీ ఒక పెళ్ళి ఆర్డరుదట,
పెళ్ళి తప్పిపోయింది, డబ్బులు రాలేదు.
ఫ్యాను తిరక్కుండా వేలు అడ్డం పెట్టి
పెయింటు కుంచెతో దువ్వాను,
సైకిలు పంపుతో ఊదాను.
పిల్లికూనంత ఉన్ని ఊడొచ్చింది.
తొంభై నాలుగు.

ఫ్యాను తిరగబడి ఉందేమోనని
ఆర్పిన అగ్గిపుల్ల పొగ పట్టాను.
పొగ బుద్ధిగా వెనక కిటికీ లోంచి వెళ్ళిపోయింది.
ఏ దొంగ ప్రోగ్రామైనా చాటుగా నములుతోందా?
లేదు.
కరెంటు ఎగుడుదిగుడా? మీటరు
రెండు వందల ముప్పై దగ్గర కదల్లేదు.

ఇక మిగిలింది గాలి.
ఇది నాకు బాగా వచ్చిన పాఠం, గొంతు సవరించుకున్నాను.
"సముద్రపు ఒడ్డున పదిమంది మోసే వేడిని
ఇక్కడ ఆరుగురే మొయ్యాలి, దోన్యా.
గాలి పల్చన. ఫ్యాను తిరుగుతుంది గానీ
దోసిట్లో ఏముందని?"
ఆమె ఆలోచించింది.
"మా మామ డెబ్బై ఏళ్ళ దాకా
ఈ గాలే పీల్చి ఇటుకలు మోశాడు" అంది.

పేస్టు మారుద్దాం, అంతకన్నా చేసేదేం లేదు
అనుకుంటూ స్క్రూల మీదికి వంగాను.
మూడు మామూలువి.
నాలుగో దాని తల మీద ఆకుపచ్చ చుక్క.
గోళ్ళ రంగు.

మా రొసెండా సీసా అది.
కొట్టు పెట్టిన కొత్తలో
నా చేత్తో కూర్చిన ప్రతి పెట్టెకీ
చెల్లిని బతిమాలి ఒక చుక్క పెట్టేవాణ్ణి,
సంతకంలా.

హీట్ సింక్‌ని మెల్లిగా మెలితిప్పి ఎత్తాను.
ఎండి పెచ్చులైన పేస్టు,
దాని వెనక, రాగికి అతుక్కుని,
పల్చటి, పారదర్శకమైన ప్లాస్టిక్ పొర.
దాని మీద ఎర్రటి అక్షరాలు.

వీపున బిడ్డను కట్టుకుని
ఊరంతా వెతికినవాణ్ణి.
ఉన్నిని తిట్టాను, పొగను ప్రశ్నించాను,
ఆండీస్ కొండల మీదే నేరం మోపాను.

దాచెయ్యొచ్చు. ఆమె ఆ పక్క
సంచిలో చిల్లర వెతుక్కుంటోంది.
కానీ పొర నా బొటనవేలికి అంటుకుంది,
విదిలిస్తే చూపుడువేలికి,
అక్కణ్ణించి చొక్కా చేతికి.
ఆమె పట్టుకుని లాగింది.
దీపం కింద పెట్టి
రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు కూడబలుక్కుంటూ
పైకే చదివింది:
"బి-గిం-చే ముం-దు
ఈ పొ-ర తీ-సి-వె-య్యం-డి."

గోడ మీద నా డిప్లొమా ఉంది. దాని వైపు చూడలేదు,
నేనూ, ఆమే.

కొత్త పేస్టు, బఠాణీ గింజంత.
నాలుగు స్క్రూలు, మూలకి మూల.
లామా మెడ దాటి, చెవులు దాటి,
చెవి కుచ్చుల దాకా వచ్చింది.
యాభై ఎనిమిది.

"ఎంత?"
తల అడ్డంగా ఊపాను.
ఆమె పెట్టెను చారల దుప్పట్లో చుట్టి
వీపున వేసుకుని, ముడి బిగించి,
గుమ్మంలో ఆగింది.

"అయితే వెన్సో,
గాలి నయమైనట్టేనా?"