ఆరో వంతు

ముప్పై ఏడేళ్లు ఈ బల్ల మీద పళ్లు కట్టాను.
గోయా ఊళ్లో సగంమంది నవ్వులు నా చేతివే.
ఇప్పుడు అదే బల్ల, అదే చిన్న డ్రిల్లు,
అడుగెత్తు సైనికుల్ని విప్పి మళ్లీ చేస్తుంటాను.
లెక్క ఒకటే: అన్నిటినీ ఆరుతో భాగించు.
గుండీ, బకిల్, నీళ్ల సీసా, బూటు లేసు.

ఎర్మెలిందా వచ్చింది, చంకలో మాతె ఫ్లాస్కు,
కవర్లో ఒకే ఒక్క ఫోటో.
సైకిలు పట్టుకుని తమ్ముడు బసీలియో,
ఎండకి ఒక కన్ను మూసి.
"ఎనభై రెండులో ద్వీపాలకి పంపారు.
పరానా ఒడ్డున పుట్టినవాడు, చలంటే ఏం తెలుసు?
వీణ్ణి చెయ్యగలవా?"
ఎంతవుతుందని అడగలేదు. నేనూ చెప్పలేదు.

కొనే తలలన్నీ ఒకే తల.
ముప్పై దాటిన దవడ, కనుబొమల మధ్య గీత.
భయపడే కుర్రాణ్ణి ఏ కంపెనీ పోత పొయ్యదు.
హెయిర్ డ్రయ్యర్ వేడికి మెడ మెత్తబడ్డాక తల ఊడదీశాను.
ఉప్పుకాగితంతో ముందు దవడ తీశాను,
తర్వాత ధైర్యం.
బుగ్గలకి పుట్టీ. ఎడమ చెవి కాస్త బయటికి.
"ఇంకాస్త," అంది, "బళ్లో ఆ చెవి పట్టుకునే లాగేవాళ్లు."
ఇంకాస్త.
కళ్లకి నాలుగు వెంట్రుకల కుంచె.
ఊపిరి బిగబట్టి పెట్టిన చుక్కల్ని
మూడుసార్లు తుడిచేశాను.
చూపు భాగారానికి లొంగదు.

గుడ్డ కూడా అంతే.
కోసి చిన్నది చేస్తాం, దళసరి చిన్నది కాదు.
కోటు బొమ్మ మీద గంటలా విచ్చుకుని నిలబడుతుంది.
అంచులో సన్న తీగ దూర్చి, జిగురు నీళ్లు చల్లి
తడిసి మోపెడవడం ఎలాగో దానికి నేర్పాలి.
బురదకి, మేం తాగి పారేసిన మాతె పిప్పి,
ఎండబెట్టి నూరి, నల్ల పొడి కలిపి
బూట్లకి కొంచెం,
మోకాళ్లకి ఎక్కువ.

మరో వారం ఆమె ఒక పార్సిలు తెచ్చింది.
గోధుమరంగు కాగితం, తమ్ముడి పేరు,
పేరు మీద అడ్డంగా వెనక్కి పంపిన ముద్ర.
లోపల ముదురాకుపచ్చ స్వెట్టరు,
అల్లినప్పటి మడత మీదే ఉంది.
"భాగిస్తావుగా అన్నిటినీ. దీన్నీ భాగించు."
నూలు లావు, కుదరదు అన్నాను.
మణికట్టు దగ్గర ముడి కొరికి లాగింది,
పేట పేట విడదీసి సన్న పోగొకటి పట్టుకుంది.
రెండు పళ్లపుల్లలు సానబెట్టి ఇచ్చాను, సూదులకి.
నా కిటికీ దగ్గర పదకొండు మధ్యాహ్నాలు,
కళ్లజోడు మీద నా భూతద్దం పెట్టుకుని.
మధ్యలో ఓసారి, "వాడి చేతులు పొడుగు!" అంది గట్టిగా,
పక్కగదిలో ఎవరికో చెబుతున్నట్టు.

కొరియెంతెస్ ప్రదర్శనలో పెట్టమంటున్నారు క్లబ్బువాళ్లు.
జడ్జీ సంగతి నాకు తెలుసు, పుస్తకం తెరుస్తాడు,
ఆ దళానికి ఆకుపచ్చ స్వెట్టరు లేదంటాడు.
బెల్టుకి ఒక చిల్లు ఎక్కువైందని
పోయినేడు నాకు నాలుగు మార్కులు కోసిన మనిషి.

చివరికి తుపాకి తీశాను.
"వద్దు. చేతులు జేబుల్లో పెట్టు."
ట్రిగ్గర్ చుట్టూ వంగేలా పోసిన వేళ్లవి.
మరిగే నీళ్లలో ముంచి
ఒక్కో వేలూ చాపాను.

స్వెట్టరు తొడిగాం. దాని మీద చొక్కా,
దాని మీద కోటు.
గుండీలు ఆమే పెట్టింది, నా పట్టకారుతో.
పై గుండీ పడ్డాక
ఆకుపచ్చ ఎక్కడా కనబడలేదు.

బయట ఫిబ్రవరి, నలభై డిగ్రీలు.
ఎర్మెలిందా వాడివంక కాసేపు చూసి
లేచి వెళ్లి
ఫ్యాను కట్టేసింది.