డయల్ దాటిన ఊరు

రాడ్‌ఫర్డ్ రోడ్డు మీద వాన వదలని ఫిబ్రవరి.
ఇద్దరు కుర్రాళ్ళు పక్కవాటుగా వంచి, గుమ్మానికి ఒకసారి తగిలించి
దించారు దాన్ని నా షెడ్డులో.
నాలుగున్నర అడుగుల వాల్‌నట్ రేడియోగ్రామ్.

అలవాటు కొద్దీ లోపాలు రాసుకున్నాను:
ఎడమ కాలు పురుగు తొలిచింది.
స్పీకర్ గుడ్డ పిల్లి గీరింది.
డయల్‌కి కుడిపక్క చెక్క మీద
పాలిష్ అరిగిన మచ్చ, అర్ధణా అంత.
మూత మీద తెల్లటి వలయం:
పంచదార నీళ్ళలో ముంచి బిరుసెక్కించిన అల్లిక గుడ్డ
అరవై ఏళ్ళు కూర్చున్న చోటు.

"అమ్మది," అంది వెరోనా.
"జమైకా నుంచి వచ్చిన మూడో ఏడు వాయిదాల మీద కొంది.
లేసు మిల్లులో రాత్రి షిఫ్టు.
ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయాలి. తమ్ముడు ముక్కలుగా అమ్మేయమంటాడు.
మీరేమంటారు, మిస్టర్ హాలమ్?"

అడిగిన వెంటనే నేనేమీ అనను.
ముందు వెనక అట్ట విప్పుతాను.
దుమ్ము. ఒక హెయిర్‌పిన్ను. మైనం కార్చుకున్న కెపాసిటర్లు.

లెక్క చెప్పాను.
బాగుచేస్తే నాలుగువందల ఎనభై పౌండ్లు,
చేతి చమురు వదలడమే, తిరిగి రాదు.
విప్పి అమ్మితే
వాల్వుల జత గిటార్ పిల్లలు ఎగరేసుకుపోతారు,
పెట్టె ఎవరింట్లోనో సీసాల బీరువా అవుతుంది,
మొత్తం మీద రెండొందలు.
బాగుచేసినా అందులో పలికే స్టేషన్లు ఎన్నని?
సగం ఎప్పుడో మూతపడ్డాయి.

చెప్పని లెక్క ఒకటుంది.
దీన్ని బతికించాలంటే నాకు చచ్చింది ఇంకోటి కావాలి.
ఆ రబ్బరు చక్రం, ఆ పికప్ చెయ్యి ఇప్పుడెవరూ చేయరు.
షెడ్డు వెనక టార్పాలిన్ కింద మూడున్నాయి,
పళ్ళు పీకించుకున్న ముసలాళ్ళలా.
ముప్ఫై ఏళ్ళుగా నాకు వచ్చిన మంచిపేరంతా
ఎవరో వద్దనుకున్నవాటి నోటి దగ్గర కూడు.

టార్చి వేశాను. ట్రాన్స్‌ఫార్మర్ దీనిది కాదు.
ఏ టెలివిజన్‌దో. మరలు వేరు. టంకం
కాకి రెట్టలా పడింది.

"నాన్న పని," అంది. "బస్సు కండక్టరు.
వంటింటి బల్ల మీద రెండు రాత్రులు. బల్ల కూడా కాలింది."
వచ్చిన తర్వాత అదే మొదటి నవ్వు.

"పాటలు ఎక్కువ వినేవారా?"
"ఆదివారం, చర్చి నుంచి వచ్చాక మూత లేచేది.
మిగతా ఆరు రోజులూ తుడవడమే.
నేను డయల్ ముందు బోర్లా పడుకుని ఊళ్ళు చదివేదాన్ని.
హిల్వర్సమ్. లక్సెంబర్గ్. అథ్లోన్. కలుండ్‌బోర్గ్.
కింగ్‌స్టన్ ఏదమ్మా అంటే
అమ్మ గాజు దాటించి, చెక్క మీద వేలు పెట్టేది.
ఇదిగో, ఇక్కడ, అని.
రోజూ అడిగేదాన్ని."

చాలాసేపు వానే మాట్లాడింది.

"ఆ దీపం ఒక్కటి వెలిగించగలరా?
డయల్ వెనకది. మిగతావి తమ్ముడు చెప్పినట్టే కానీండి."

బుర్ర లేని పని అనుకున్నాను, పైకి కూడా అన్నానేమో.
పలకని పెట్టెకి దీపమేమిటి?
అటు బాగు చేసినట్టూ కాదు, ఇటు విప్పినట్టూ కాదు.
ఆవిడ గొడుగు తెరుచుకుంది.

వాల్వులు తీశాను, పాత కాగితంలో చుట్టాను.
పికప్ చెయ్యి తీశాను. అది డెర్బీలో ఒకాయన గ్రామ్‌కి సరిపోతుంది,
ఆయన ఏడాదిగా ఫోన్ చేస్తున్నాడు.
ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చెయ్యి ఆడలేదు.
దాని తీగలకే కట్టాను గోరంత బల్బుని.

స్విచ్ నొక్కితే ఊళ్ళన్నీ పసుపుపచ్చగా లేచాయి.
ఊరికే నాబ్ తిప్పాను. ముల్లు నడిచింది
అథ్లోన్ మీదుగా, చప్పుడు లేకుండా,
గాజు అంచు దాకా వెళ్ళి ఆగింది.
ఆ పక్కన వెలుగు అంచున
పాలిష్ లేని అర్ధణా.

గరుకు కాగితం అప్పటికే చింపి పెట్టుకున్నాను.
మళ్ళీ సొరుగులో వేశాను.
లోపాల జాబితాలో నాలుగో వరుస కొట్టేశాను.
బల్బుకి ఒక పౌండు ఇరవై.
బిల్లులో అదొక్కటే రాశాను.